ఒట్టు వేయించుకుంది, ఇప్పుడేం చెయ్యను?

ప్రశ్న: మేడమ్, నేను విశాఖలో డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను. మా కాలేజీ అమ్మాయిల కబడ్డీ టీమ్‌కి కెప్టెన్ని. దసరా సెలవులకు ముందు టోర్నమెంట్‌కని వేరే ఊరు వెళ్లాం. మాతో వచ్చింది కోచ్ సార్ ఒక్కరే. పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్‌కి వీలుపడలేదు, లేడీ లెక్చరర్లెవరూ రాలేదు. తిరిగొచ్చాక ఫస్టియర్ అమ్మాయి ఒకతె ప్రాక్టీసుకి రావడం తగ్గించేసింది. బీచ్ రోడ్డుకి తీసుకెళ్లి గట్టిగా అడిగితే ఏడ్చేసింది. తొడ కండరం పట్టేసిందంటే సార్ స్ప్రే కొట్టి మసాజ్ చేస్తానని తన రూముకి రమ్మన్నారట. తలుపు గడియ పెట్టారట. వద్దన్నా ఆపలేదట. ‘ట్రీట్‌మెంట్ అంటే నీకేం తెలుసు, యూనివర్సిటీ టీమ్‌కి ఆడాలని ఉందా లేదా’ అన్నారట. అప్పట్నుంచి రాత్రిళ్లు వాట్సాప్‌లో మెసేజ్‌లు. ఎవరికీ చెప్పనని నాచేత ఒట్టు వేయించుకుంది. ఇంట్లో తెలిస్తే కాలేజీయే మానిపించేస్తారంటోంది. సెలెక్షన్స్ దగ్గరకొస్తున్నాయి, లిస్టు సార్ చేతిలో ఉంది. చెబితే ఒట్టు తప్పినట్టు. చెప్పకపోతే, రేపు ఇంకో అమ్మాయికి జరిగితే ఆ పాపం నాదే. రుజువు లేకుండా నోరు విప్పితే మనమీదే కేసు పెడతారని నా ఫ్రెండ్ భయపెడుతోంది. ఏం చెయ్యమంటారు?
– పేరు వద్దు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, నీ ఉత్తరంలో అన్నీ ఉన్నాయి, ఆ అమ్మాయి వయసు తప్ప. ముందు అది తెలియాలి. ఫస్టియర్ అంటున్నావు కాబట్టి ఇంటర్ అయ్యి ఈ ఏడే చేరి ఉంటుంది. టోర్నమెంట్ నాటికి పద్దెనిమిది నిండాయో లేదో పదో తరగతి మెమో చూస్తే తేలిపోతుంది. టీమ్ ఎంట్రీ ఫారాలు నింపేది కెప్టెనే అయితే ఆ పుట్టినతేదీ నీ దగ్గరే ఉండి ఉండొచ్చు.

నిండలేదనుకో. అప్పుడిక చెప్పాలా వద్దా అన్న ప్రశ్న లేదు. పిల్లల మీద లైంగిక నేరాల్ని అడ్డుకోవడానికి తెచ్చిన 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, మైనర్ మీద ఇలాంటిది జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలి. తెలిసీ దాచిపెడితే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా. తన కింద పనిచేసేవాడి సంగతి తెలిసి సంస్థ అధిపతి దాస్తే ఏడాది దాకా. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద ఏ చర్యా ఉండదని కూడా ఆ సెక్షన్‌లోనే రాసుంది. స్టేషన్లో బెంచీ మీద కూర్చోబెట్టి నలుగురి ముందు అడుగుతారేమోనని ఆ పిల్ల భయపడుతుంటే, అలా కుదరదని చెప్పు. ఆమె ఇంట్లోనో, ఆమె కోరుకున్న చోటో, వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి వచ్చి వాంగ్మూలం రాసుకోవాలి. ఆ వచ్చే అధికారి యూనిఫాంలో ఉండకూడదు. పేరు, కాలేజీ, ఊరు బయటికి పొక్కకూడదు. విద్యాసంస్థలో పనిచేసేవాడే ఈ పని చేస్తే చట్టం దాన్ని మామూలు కన్నా పెద్ద నేరంగా లెక్కేస్తుంది. ఐదు నుంచి ఏడేళ్ల జైలు. ఫోన్ చెయ్యాల్సింది పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ అత్యవసర నంబరు 112కి గానీ.

అలాగని ఆమెకి తెలియకుండా వెళ్లి చెప్పేయకు. ఆ పిల్ల నిన్ను నమ్మి నోరు విప్పింది. రేపు గుమ్మంలో పోలీసుల్ని చూశాకే సంగతి తెలిస్తే ఇంకెవరికీ ఏదీ చెప్పదు. ముందురోజే కూర్చోబెట్టి చెప్పు: “నీకింకా పద్దెనిమిది నిండలేదు. ఇది నేను దాచడానికి లేదట. ఎప్పుడు చెబుదాం, ముందు మీ అమ్మకా, హాస్టల్ మేడమ్‌కా, అది ఇద్దరం అనుకుందాం. నేను పక్కనే కూర్చుంటా.” కోపం తెచ్చుకుంటుంది, రెండ్రోజులు మాట్లాడదేమో కూడా. పర్వాలేదు.

పద్దెనిమిది నిండాయనుకో. అప్పుడు లెక్క వేరు. ఫిర్యాదు ఆమెది. ఇవ్వాలా, ఎప్పుడివ్వాలి, ఎవరికివ్వాలి అన్నది ఆమే తేల్చుకోవాలి. నువ్వు ఎంత కెప్టెన్‌వైనా ఆమె బదులు రెయిడ్‌కి వెళ్లే హక్కు నీకు లేదు. అయితే నీ ఉత్తరంలో రెండు వేర్వేరు సంగతులు ముడిపడిపోయి నిన్ను నలిపేస్తున్నాయి. ఆ మనిషి మీద ఫిర్యాదు ఇవ్వాలంటే ఆమె ఒప్పుకోవాలి. టీమ్ పద్ధతులు మార్చమని అడగడానికి ఎవరూ ఒప్పుకోనక్కర్లేదు. ‘ఇంకో అమ్మాయికి జరిగితే’ అన్న నీ భయానికి మందు రెండోదాంట్లో చాలావరకు ఉంది. అక్కడికి వస్తాను.

ముందు ఆ అమ్మాయి సంగతి. మళ్లీ మళ్లీ చెప్పించకు. ‘అసలు రూముకి ఎందుకెళ్లావు’, ‘అరవలేదా’, ‘అప్పుడే ఎందుకు చెప్పలేదు’ అన్న మూడూ నోట్లోంచి రానివ్వకు. ఆట నేర్పేటప్పుడు మన పిల్లలకి ఏం నేర్పుతామో ఒకసారి ఆలోచించు. నొప్పి ఓర్చుకో, కోచ్ మాటకి ఎదురు చెప్పకు, ఒళ్లు ఆయన చెప్పినట్టు వంచు. అలా పెరిగిన పిల్ల, కండరం పట్టేసి కుంటుతున్న పిల్ల, కోచ్ రమ్మంటే వెళ్లదా? వెళ్లడం ఆమె తప్పు కాదని ఒక్కసారి స్పష్టంగా అను, చాలు. “నేను నమ్ముతున్నాను. నీకు ఏం కావాలో అది చేద్దాం. ఏమీ వద్దన్నా సరే, నేనెక్కడికీ పోను.” ఇంతకు మించి పెద్ద మాటలు అక్కర్లేదు.

ఒక్క పని మాత్రం ఆమె ఏ నిర్ణయం తీసుకున్నా ఇప్పుడే చెయ్యాలి. ఆ వాట్సాప్ మెసేజ్‌లు చెరపొద్దని చెప్పు. అసహ్యమేసి డిలీట్ చేసేస్తారు చాలామంది. స్క్రీన్‌షాట్లు తీసి వేరేచోట దాచాలి, అసలు మెసేజ్‌లు ఫోన్‌లో అలాగే ఉంచాలి. నంబరు బ్లాక్ చేసుకోవచ్చు, చాట్ తుడిచెయ్యకూడదు. టోర్నమెంట్ ఏ తేదీ, ఏ రైలు, ఏ లాడ్జి, రూము నంబరు, ఆ సాయంత్రం ఏ టీమ్‌తో ఆడాక జరిగింది, ఇవన్నీ ఆమె చేతిరాతతో ఒక కాగితం మీద రాసుకుంటే మంచిది. నువ్వు కూడా విడిగా రాసుకో: ఆమె నీకు ఏ రోజు చెప్పింది, ఏ మాటల్లో చెప్పింది. ఆమె మొదట చెప్పుకున్న మనిషివి నువ్వు. రేపు ఎప్పుడైనా విచారణ జరిగితే నీ మాటకి విలువుంటుంది. గుర్తున్నవి ఇప్పుడు రాయకపోతే నాలుగు నెలలకి తారీఖులు కలిసిపోతాయి.

ఇక దారులు. కాలేజీలో ఐసీసీ ఉండాలి, అంతర్గత ఫిర్యాదుల కమిటీ (క్రికెట్ ఐసీసీ అనుకునేరు, మా పక్కింటి కుర్రాడు అలాగే అనుకున్నాడు). పనిచేసే చోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపుల్ని అరికట్టే 2013 చట్టం, దాని ఆధారంగా యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) చేసిన 2015 నిబంధనలు ప్రతి కాలేజీకీ దీన్ని తప్పనిసరి చేశాయి. అధ్యక్షురాలు సీనియర్ మహిళా అధ్యాపకురాలై ఉండాలి. బయటి సంస్థ నుంచి ఒకరు ఉండాలి. విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదైతే విద్యార్థి ప్రతినిధులూ కూర్చోవాలి. సభ్యుల్లో సగానికి తగ్గకుండా ఆడవాళ్లు ఉండాలి. డీన్లు, హెచ్‌ఓడీల వంటి పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు అందులో ఉండకూడదు. ‘జరిగింది వేరే ఊళ్లో కదా, కాలేజీకేం సంబంధం’ అని ఎవరైనా అంటే నమ్మకు. టోర్నమెంట్లు, క్యాంపులు, వాటికోసం చేసే ప్రయాణాలు, అన్నీ ఆ నిబంధనల కిందికి వస్తాయి. 2013 చట్టమైతే స్టేడియంల పేరెత్తి మరీ చెప్పింది. కోచ్ కాంట్రాక్టు మనిషైనా తేడా లేదు.

ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి, రాయడం రాకపోతే కమిటీయే సాయం చెయ్యాలి. గడువు మూడు నెలలు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకో. దసరాకి ముందు జరిగిందంటే సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్లే లోపే ఆ మూడు నెలలూ అయిపోతాయి. ఒకదాని వెనక ఒకటిగా జరుగుతున్నవైతే ఆఖరిదాని నుంచి లెక్క, కాబట్టి రాత్రి మెసేజ్‌ల తేదీలు ఇక్కడ పనికొస్తాయి. కారణం చూపిస్తే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించొచ్చు, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. విచారణ తొంభై రోజుల్లో ముగియాలి. రాజీ అన్న మాట ఆమె కోరితే తప్ప ఎవరూ ఎత్తకూడదు, ఎత్తినా డబ్బు ఇచ్చి పుచ్చుకోవడం ఉండకూడదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, మన దగ్గర ముందు వచ్చేది కమిటీ కాదు, పెద్దమనుషులు. ‘పిల్ల భవిష్యత్తు చూడండమ్మా’ అంటూ వాళ్ల నాన్న పనిచేసే చోటికే వెళ్తారు. వాళ్లతో ఒక్క మాటే అనాలి: మీరు చెప్పాలనుకున్నది కమిటీకి రాసివ్వండి.

కాలేజీలో కమిటీ లేదనో, ఉంది కానీ కాగితం మీదే ఉందనో తేలితే మీ కాలేజీ ఏ యూనివర్సిటీ కిందికి వస్తుందో అక్కడికి రాయొచ్చు, యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్లోనూ పెట్టొచ్చు. కాగితం మీది కమిటీలు మన కాలేజీల జబ్బొక్కటే కాదులే. 2023లో మల్లయోధులు జంతర్‌మంతర్ దగ్గర కూర్చున్నాక చూస్తే, దేశంలో చాలా క్రీడా సమాఖ్యల్లో సరైన కమిటీయే లేదని వార్తలొచ్చాయి. ఆ మేలో జాతీయ మానవ హక్కుల కమిషన్ దీనిమీద నోటీసులు కూడా ఇచ్చింది.

రెండో దారి పోలీసులు. ఐసీసీకి ఇస్తే పోలీసులకు ఇవ్వకూడదని లేదు, రెండూ ఒకేసారి నడవొచ్చు. వేరే ఊళ్లో జరిగినా విశాఖలో ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ కట్టించుకోవచ్చు. దాన్ని అక్కడికి పంపుకోవడం వాళ్ల పని. నువ్వు రాసింది రాసినట్టు జరిగి ఉంటే అది భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 74, 75 సెక్షన్ల కిందికి వచ్చే నేరం. వద్దన్నా ఆగని మెసేజ్‌లకి 78 ఉంది. 74కి ఐదేళ్ల దాకా శిక్ష పడొచ్చు, దానికి మూడు నెలల గడువులాంటిదేమీ లేదు. అంటే ఐసీసీ తలుపు మూసుకుపోయినా ఈ తలుపు తెరిచే ఉంటుంది. ఇవాళ ధైర్యం లేదంటే రేపటికీ ఉంటుందని ఆ అమ్మాయికి చెప్పు, కాస్త ఊపిరాడుతుంది. లాయరు ఖర్చు గురించి కంగారు పడకండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తుంది. 15100కి ఫోన్ చేస్తే చెబుతారు. 181 మహిళా హెల్ప్‌లైన్ ద్వారా సఖి కేంద్రానికి వెళ్తే కౌన్సెలింగ్, లాయర్ సలహా, పోలీసు సాయం ఒకేచోట దొరుకుతాయి. నిద్ర పట్టకపోతే, ఊరికే భయమేస్తుంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చెయ్యమను. తెలుగులోనే మాట్లాడతారు.

ఇది చదివేవాళ్లలో ఎవరికైనా జరిగి గంటలే అయి ఉంటే వాళ్లకి వేరే మాట. స్నానం చేయకుండా, బట్టలు ఉతక్కుండా, మార్చుకుంటే విప్పినవి కాగితం కవర్లో పెట్టుకుని వెంటనే కేజీహెచ్‌కి (విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి) గానీ దగ్గర్లోని ఏ ఆసుపత్రికి గానీ వెళ్లండి. ప్రైవేటు ఆసుపత్రైనా ఉచితంగా చూడాల్సిందే, ఎఫ్‌ఐఆర్ తెస్తేనే చూస్తామనడానికి వీల్లేదు. గర్భం రాకుండా, హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు పడాలి. ఎంత ముందైతే అంత మంచిది.

మీ ఫ్రెండ్ భయపెట్టిన ‘రుజువు’ సంగతి. రుజువు కాకపోవడం వేరు, కావాలని అబద్ధం చెప్పడం వేరు. ఫిర్యాదు నిరూపించలేకపోయారన్న కారణంతోనే ఎవరి మీదా చర్య తీసుకోకూడదని 2013 చట్టంలో స్పష్టంగా ఉంది. గడియ పెట్టిన గదిలో జరిగినదానికి సాక్షులు ఎక్కణ్నుంచి వస్తారు? కోర్టులకీ ఆ సంగతి తెలుసు. బాధితురాలి మాట నమ్మదగ్గదిగా ఉంటే ఇంకో సాక్ష్యం కోసం వెతకనక్కర్లేదని, ఫిర్యాదు ఆలస్యమైనంత మాత్రాన కొట్టిపారెయ్యొద్దని సుప్రీంకోర్టు 1996లోనే గుర్మీత్ సింగ్ కేసులో చెప్పింది. కానీ ఇన్‌స్టాలో స్టోరీలు పెట్టడం, టీమ్ గ్రూపులో ఆయన్ని నిలదియ్యడం, సీనియర్ అబ్బాయిల్ని పంపి ‘బుద్ధి చెప్పించడం’ మాత్రం వద్దు. ఆ అమ్మాయి ఎవరో గంటలో కాలేజీ అంతా ఊహించేస్తుంది. ఆయన అప్రమత్తమై ఫోన్ శుభ్రం చేసుకుంటాడు.

ఇంటి సంగతే అసలైన కొండ. ‘మానిపించేస్తారు’ అని ఆ పిల్ల అనడంలో అతిశయం ఏమీ లేదు, నాకు వచ్చే ఉత్తరాల్లో కోచ్ కన్నా అమ్మానాన్నల భయమే ఎక్కువ కనిపిస్తుంది. మొదట నాన్నకి చెప్పించే ప్రయత్నం చెయ్యకు. ఇంట్లో ఆమె ఆటకి వత్తాసు పలికే మనిషి ఒకరుంటారు. తెల్లారి ఐదింటికి లేచి టిఫిన్ బాక్సు కట్టే అమ్మో, షూస్ కొనిపెట్టిన మేనమామో, పెళ్లయిన అక్కో. ఎవరా మనిషి అని అడుగు. చెప్పే రోజు నువ్వు కూడా వాళ్లింటికి వెళ్లు. మాట మొదలుపెట్టే తీరులో కూడా ఉంటుంది. ‘నాకిలా జరిగింది’ అని మొదలెడితే వినేవాళ్లకి ముందు ఏడుపో కోపమో వచ్చి, ఆ తర్వాతి మాట చెవిన పడదు. “అమ్మా, ఒకాయన తప్పుగా ప్రవర్తించాడు. ఆయన్ని ఆపించడానికి కాలేజీలో దారుంది. నాకు ఆట కావాలి, నువ్వు నా పక్కన ఉండాలి.” ఆట మానిపిస్తే శిక్ష ఎవరికి పడినట్టని ఆ తల్లిని నువ్వే అడగొచ్చు. సీనియర్ అడిగితే పెద్దవాళ్లు కాస్త ఆలోచిస్తారు.

సెలెక్షన్స్. ఆమె ఫిర్యాదు ఇస్తే అందులోనే ఒక వాక్యం రాయించు: విచారణ అయ్యేవరకు ఆ కోచ్ నా ఆటని అంచనా వెయ్యకూడదు, ట్రయల్స్ వేరేవాళ్లు తీసుకోవాలి. యూజీసీ నిబంధనల్లో మధ్యంతర ఉపశమనం కింద ఇది ఉంది. ఆరోపణ ఎదుర్కొంటున్నవాడు ఫిర్యాదిదారు పనితీరును, పరీక్షలను అంచనా వెయ్యకుండా ఆపొచ్చు, దూరంగా ఉండమని హెచ్చరించొచ్చు. అడిగితేనే ఇస్తారు. అడగకపోతే గుర్తుండదు.

ఇప్పుడు నీ వంతు. నువ్వు ఎవరి పేరూ ఎత్తకుండా రేపే మొదలుపెట్టగలిగినది.

కబడ్డీలో ఒంటి మీద చెయ్యి పడని రోజుండదు. యాంకిల్ హోల్డ్ నేర్పాలన్నా, బ్యాక్ హోల్డ్ తప్పు దిద్దాలన్నా ముట్టుకోక తప్పదు. అందుకే ‘ముట్టుకున్నాడు’ అని చెప్పుకోవడానికి పిల్లలకి నోరు రాదు, ఎక్కడ గీత దాటాడో వాళ్లకే తికమక. జూనియర్లకి నువ్వు చెప్పాల్సిన గుర్తు ఇది: సరైన కోచ్ ఎందుకు పట్టుకుంటున్నాడో ముందే చెబుతాడు, నలుగురి ముందే పట్టుకుంటాడు, వద్దంటే వదిలేస్తాడు. తలుపేసిన గదిలో ‘ట్రీట్‌మెంట్’ అనేది ఏ ఆటలోనూ లేదు. కండరం పట్టేస్తే స్ట్రెచ్ చేయించడం టీమ్‌మేట్‌కి నేర్పు, అయిదు నిమిషాల పని. ఐసు, స్ప్రే డబ్బా కెప్టెన్ కిట్‌లో ఉండాలి, కోచ్ రూములో కాదు. అంతకు మించిన నొప్పైతే ఫిజియో దగ్గరికి, అదీ తోడు తీసుకుని.

ఈ ‘ట్రీట్‌మెంట్’ అన్న మాట ఎంతదూరం పోతుందో అమెరికాలో చూశారు. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో లారీ నాసర్ అనే డాక్టరు జిమ్నాస్టులకి వైద్యం పేరుతో చేసినదాని గురించి 1997లోనే ఒక పిల్ల అక్కడి కోచ్‌కి చెప్పింది. ఆ మాట అక్కడే ఆగిపోయింది. 2016లో మాజీ జిమ్నాస్టులు పత్రికకి చెప్పాకగానీ వ్యవహారం బయటపడలేదు. 2018 జనవరిలో కోర్టులో 156 మంది నోరు విప్పారు, 40 నుంచి 175 ఏళ్ల శిక్ష పడింది. మొదటి పిల్ల చెప్పినప్పుడు విన్న పెద్దమనిషి ఇంకో మనిషికి చెప్పి ఉంటే ఆ సంఖ్య ఎంత తగ్గేదో. అక్కడి కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ 2017లో ఒక పద్ధతి పెట్టింది. ఆటగాళ్లకీ కోచ్‌లకీ ఈ విషయంలో శిక్షణ ఇచ్చామని యూనివర్సిటీ అధ్యక్షుడు, క్రీడల డైరెక్టరు ఏటా సంతకం పెట్టాలి. సంతకంతో మనుషులు మారిపోతారని నేను అనుకోను. రేపు ఎవర్ని అడగాలో మాత్రం తెలుస్తుంది, మన దగ్గర లేనిదే అది.

మన దగ్గరా ఒక మంచి పని జరిగింది. 2022 జూన్‌లో స్లొవేనియాకి శిక్షణకి వెళ్లిన మన సైక్లిస్టు ఒకామె, కోచ్ తనతో ఒకే గదిలో ఉండమంటున్నాడని భారత క్రీడా ప్రాధికార సంస్థకి ఫిర్యాదు చేసింది. వాళ్లు ఆమెని వెనక్కి రప్పించి, కోచ్ కాంట్రాక్టు రద్దు చేశారు. ఆ వెంటే, అమ్మాయిలున్న ప్రతి బృందంతోనూ మహిళా కోచ్ వెళ్లాల్సిందేనని ఆదేశాలిచ్చారు. అది జాతీయ జట్ల కోసం పెట్టిందే కావచ్చు, మీ ప్రిన్సిపాల్ దగ్గర ఉదాహరణగా చూపించడానికి దానికన్నా బలమైనది లేదు. దేశం జట్టుకి అవసరమైన జాగ్రత్త డిగ్రీ పిల్లలకి ఎందుకు అక్కర్లేదని అడుగు.

సాయంత్రం ప్రాక్టీసు సంగతి కూడా ఆలోచించండి. చీకటి పడేదాకా ఆడించి, గాజువాక వెళ్లే పిల్లనీ పెందుర్తి వెళ్లే పిల్లనీ ‘బస్సెందుకు, నా బండి మీద ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా దింపుతా’ అనే పద్ధతి చాలా గ్రౌండ్లలో ఉంది. చాలామంది మంచి మనసుతోనే అంటారు. అయినా వద్దు. ఆఖరి బస్సు టైము చూసుకుని ప్రాక్టీసు ముగించాలి, ఒకే దారి పిల్లలు కలిసి కదలాలి. బరువు చూసేటప్పుడు కూడా అంతే, తూచేది ఆడమనిషే అయి ఉండాలి.

మగపిల్లల టీమ్ కెప్టెన్లు ఇది చదువుతుంటే, మీ డ్రెస్సింగ్ రూముల్లో సీనియర్లు ‘ఆట’ పట్టించడం పేరుతో జూనియర్ల బట్టలు లాగడం, వీడియోలు తియ్యడం కూడా ఈ కోవలోదే. యూజీసీ నిబంధనలు అబ్బాయిల్ని, ట్రాన్స్ విద్యార్థుల్ని కూడా గుర్తించాయి. పోక్సోకి ఆడా మగా తేడా లేదు. ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522.

నీకు ఒక అర్జీ నమూనా ఇస్తున్నాను, మీ మాటల్లోకి మార్చుకో. “ప్రిన్సిపాల్ గారికి, కాలేజీ మహిళా కబడ్డీ టీమ్ తరఫున విన్నపం. రాబోయే టోర్నమెంట్లకి మాతోపాటు మహిళా మేనేజరును పంపించగలరు. రైల్లో బెర్తులు, లాడ్జిలో గదులు కెప్టెనూ మేనేజరూ కలిసి కేటాయించేలా, కోచ్‌కి వేరే అంతస్తులో గది ఇచ్చేలా చూడగలరు. టీమ్ మీటింగులు హాల్లోనే జరగాలని, క్రీడాకారిణులు ఎవరి గదికీ ఒంటరిగా వెళ్లనక్కర్లేదని ఆదేశించగలరు. ప్రాక్టీసు సమాచారం పీడీ గారు, మహిళా మేనేజరు ఉన్న గ్రూపులోనే పెట్టాలని కోరుతున్నాం. సెలెక్షన్ ట్రయల్స్‌కి ముగ్గురు సభ్యుల ప్యానెల్ ఉండాలని, స్కోరు షీటు నోటీసు బోర్డులో పెట్టాలని కోరుతున్నాం. ఐసీసీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు గ్రౌండ్‌లోని కిట్ రూము తలుపు మీద అతికించగలరు.”

టీమ్‌లో అందరిచేతా సంతకాలు పెట్టించు, అప్పుడు అడిగింది ఎవరో ఒక్కరని ఎవరూ వేలు చూపలేరు. ఆ అమ్మాయికి ముందే ఒకసారి చదివి వినిపించు. తనకి ఇబ్బందిగా అనిపించిన మాటేదైనా ఉంటే తీసెయ్యి. సంతకం పెట్టనంటే బలవంతం చెయ్యకు. ఆమె ఒక్కతే పెట్టకపోతే అదే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కాబట్టి, అలాంటప్పుడు ఇంకో ఇద్దరు ముగ్గుర్ని కూడా మానమను. కోచ్‌తో దీని గురించి మాట్లాడొద్దు, ఆయన ద్వారా పంపొద్దు, నేరుగా ఆఫీసులో ఇవ్వు. రెండు కాపీలు పట్టుకెళ్లి, ఒకదాని మీద ఇన్‌వర్డ్ నంబరూ తేదీ వేయించుకుని నీ దగ్గర పెట్టుకో. వారంలో జవాబు రాకపోతే ఆ నంబరు చెప్పి మళ్లీ అడుగు.